ఎడమ చక్రానికి వేసిన ప్యాడ్లు

ఒడిశాలోని రాయగడలో మెయిన్ రోడ్డు మీద కార్లకీ జీపులకీ విడిభాగాలు అమ్మే ఒకాయన పేరు నా నోటి వల్ల ఒక్క పూటలో చెడింది. ఆయన మాకు చుట్టం కాదు. వాళ్ళ తాతలూ మా తాతలూ విజయనగరం వైపు నుంచే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు కాబట్టి నేను మావయ్యా అంటాను, ఆయన అల్లుడూ అంటాడు. ఆయన నకిలీ బ్రేకు ప్యాడ్లు అమ్మాడని నలుగురిలో అన్నాను. ఎందుకన్నానో వరసలో రాస్తాను. వరస తప్పితే నా మాట నాకే నమ్మబుద్ధి కాదు.

తెరుబలి ఫ్యాక్టరీలో మెకానికల్ మెయింటెనెన్స్ నా పని. రెండేళ్ళ క్రితం వైజాగ్‌లో ఒక సెకండ్ హ్యాండ్ టర్బో కారు కొన్నాను. చిన్న బండి, పెద్ద ఇంజను. యాక్సిలరేటరు మీద కాలు పెడితే వీపు సీటుకి అతుక్కుంటుంది. అలాంటి బండికి అన్నిటికన్నా ముఖ్యంగా బ్రేకులు సరిగా ఉండాలి. అక్క కొరాపుట్‌లో ఉంటుంది, లక్ష్మీపురం ఘాటీ ఎక్కి దిగి వెళ్ళాలి. ముందు చక్రాల ప్యాడ్లు కొలిస్తే అరిగి రెండున్నర మిల్లీమీటర్లే మిగిలాయి, మార్చాల్సిందే. వర్క్‌షాపుకి ఇవ్వను. ఒకసారి ఇస్తే చక్రం నట్లు ఎంత బలంతో బిగించాలో చూడకుండా, కాలితో తొక్కి బిగించి పంపారు. అప్పటి నుంచి ఇంటి ముందు సందులో నేనే చేసుకుంటున్నాను.

మావయ్య ప్యాడ్లు తెప్పించి ఇచ్చాడు. డబ్బాను అలమారలో కాకుండా బల్ల కింద నుంచి తీశాడు. అది అప్పుడే గమనించాను. ఇంటికి తెచ్చి బీరువా మీద పెట్టాను. ఆదివారం దించి చూస్తే మూత మీది సీలు సన్నగా కోసి ఉంది. లోపల నాలుగు ప్యాడ్లు, రెండు పైన, రెండు కింద. పై రెంటి మీద, చక్రంతో తిరిగే డిస్కుని పట్టుకునే వైపు, ఎర్రటి ఛాయ. తుడిచినట్టు ఉంది కానీ పోలేదు. కింది రెండూ శుభ్రంగా ఉన్నాయి.

వాడిన ప్యాడ్లని గీకి, రంగేసి, కొత్త డబ్బాలో పెట్టి అమ్మడం నేను విన్నదే. అనుమానం ఉండగానే బిగించాను. ఆదివారం ఒక్కటే సెలవు. క్లీనర్ కొట్టి తుడిచి, పై రెండూ ఎడమ చక్రానికి, కింది రెండూ కుడి చక్రానికి వేశాను. ప్యాడ్లని నొక్కే పిస్టన్లు వెనక్కి తోశాను, బోల్టులు లెక్క ప్రకారం బిగించాను, పెడల్ గట్టిపడేదాకా తొక్కాను.

కొత్త ప్యాడ్లు డిస్కుకి అలవాటు పడాలంటే అరవై వేగం నుంచి పదికి, మళ్ళీ మళ్ళీ, నెమ్మదిగా తగ్గించాలి. తెరుబలి రోడ్డు మీద మూడోసారి తగ్గించినప్పుడు బండి కుడి వైపుకి లాగింది. నాలుగోసారి ఎడమ చక్రం కీచుమంది. ఆపి దిగితే ఏదో మాడిన వాసన. కుడి బ్రేకు పడుతోంది, ఎడమది జారుతోంది. డైరీలో రాసుకున్నాను: బల్ల కింద డబ్బా, కోసిన సీలు, ఎర్రటి ఛాయ, ఎడమ వైపు పట్టు లేదు. నాలుగూ ఒకే మనిషిని చూపిస్తున్నాయి. ఇంట్లో నా సామాను ఎవరూ ముట్టుకోరు కాబట్టి ఇంకో దారి ఉండొచ్చని రాసుకోలేదు.

మర్నాడు షిఫ్టుకి ముందు దుకాణానికి వెళ్ళాను. గుడారి ఊరికి సర్వీసు జీపు నడిపే ఆయన క్లచ్ ప్లేటు కోసం నిలబడి ఉన్నాడు. ఇంకో ఇద్దరు డ్రైవర్లు బల్లకి ఆనుకుని టీ తాగుతున్నారు.

"మావయ్యా, వాడేసిన ప్యాడ్లకి రంగేసి ఇచ్చేవేటి?" అన్నాను.

ఆయన చేతిలో ఉన్న క్లచ్ ప్లేటు కింద పెట్టాడు. "ఏటన్నావు?"

"సీలు కోసుంది. ప్యాడ్లు ఎర్రగున్నాయి. బండి ఒక పక్కకి లాగేస్తంది."

జీపాయన నవ్వాడు. "అయితే నా క్లచ్ ప్లేటు కూడా ఒకసారి గీకి సూడాలి కాబోలు, సావుకారూ!"

మావయ్య ఆయన వైపు చూడలేదు. లోపలికి వెళ్ళి అదే రకం ఇంకో డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇది అట్టుకెల్లు. బండికి ఏసినవి విప్పి తెచ్చి ఈ బల్ల మీద ఎట్టు. అందరూ సూస్తారు. నాదే తప్పయితే ఈల్ల ముందే ఒప్పుకుంతాను."

జీపాయన క్లచ్ ప్లేటు కొనకుండానే వెళ్ళిపోయాడు.

సాయంత్రం షిఫ్టు నుంచి వచ్చి ఎడమ చక్రం విప్పాను. ప్యాడ్ల ముఖం గాజులా మెరుస్తోంది. గోరుతో గీకి వాసన చూశాను. నూనె వాసన కాదు, గ్రీజు వాసన కాదు. వంటింటి వాసన. అమ్మ కుళాయి దగ్గర బిందె నింపుతూ చూసింది.

"ఏటిరా, ముక్కు కాడెట్టుకుని సూస్తన్నావు?"

"ఇవి నువ్వు గానీ ముట్టుకున్నావా?"

అమ్మ బిందె వైపు తిరిగింది. "కొత్త సామానం కదేటి. బొట్టెట్టకుండా బండికి తగిలించేస్తావేటి? ఘాటీలో తిరిగే బండి."

"దేంతో ఎట్టేవు?"

"సిందూరంలో నెయ్యి కలిపేను. ఇనుముకి ఉత్త కుంకం నిలవదు. పక్కింటి ఒడియావోల్లు మిషన్లకి అలాగే ఎడతారు. నువ్వు సూస్తే అరుస్తావని మల్లా తుడిసేసేను."

"రెంటికే ఎట్టేవేటి?"

"కింద ఇంకో రెండున్నాయని నాకేటి తెలుసు?"

సీలు కూరగాయల కత్తితో కోసిందట. నా డైరీలోని నాలుగు అనుమానాల్లో మూడు అమ్మవే. నాలుగోది, బల్ల కింద డబ్బా, మావయ్యని అడిగితే తేలింది. నా కోసం ప్రత్యేకంగా తెప్పించింది వేరే ఎవరికీ అమ్మేయకూడదని అక్కడ దాచాడు.

మర్నాడు దుకాణంలో ప్యాడ్లు బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పాను. మావయ్య విన్నాడు. టీ తాగే డ్రైవర్లు నవ్వుకున్నారు. కానీ నకిలీ అన్న మాట అప్పటికే జీపెక్కి వెళ్ళిపోయింది. పొద్దున గుడారి జీపు స్టాండు నుంచి ఇద్దరు ఫోన్ చేసి, చెప్పి ఉంచిన సామాన్లు వద్దన్నారట.

జీపాయన వచ్చేదాకా కూర్చున్నాను. వచ్చాక మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ప్యాడు తీసుకుని వాసన చూశాడు. నేను గీకేసిన చోట ఏమీ మిగల్లేదు.

"మావా అల్లుడూ కూడి కత బాగా కట్టేరు," అన్నాడు.

"కత కాదు. మా అమ్మని అడుగు."

"అడుగుతాను. పద."

మావయ్య అడ్డొచ్చాడు. "ఒద్దు. ఆడమనిసిని సాచ్చికానికి పిలవకండి. నా పేరేదో నేను సూసుకుంతాను."

జీపాయన వినలేదు. నా వెనకే మా సందులోకి వచ్చాడు. అమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. ఆయన చెప్పులు విడవకుండా నిలబడి ఒక్క ప్రశ్న అడిగాడు.

"అమ్మా, అది ఆవు నెయ్యా, గేదె నెయ్యా?"

అమ్మకి కోపం వచ్చింది. "పేకెట్టు నెయ్యి. ఆడి బండి ఇనుముకి ఆవు నెయ్యెందుకు? ఆవు నెయ్యి దేవుడికి."

జీపాయన నా ముఖం చూశాడు, అమ్మ ముఖం చూశాడు. నేను వరసలో చెప్పినప్పుడు లేని నమ్మకం అప్పుడు కనబడింది. అక్కడే ఫోన్ తీసి గుడారి స్టాండుకి కలిపాడు.

"సావుకారు సరుకు మంచిదేరా. సామాన్లు తెచ్చీమంటావా? ఆ… కాదు, కాదు. ఆ తెరుబలి ఇంజినీరు లేడూ, ఆడింట్లో బ్రేకులకి నెయ్యి రాసేరంట. ఆ… నెయ్యే. పేకెట్టుది. ఆడేమో సూసుకోకుండా బిగించేసి సావుకారి మీద ఎగిరేడు."

అవతల ఒకళ్ళు కాదు, చాలామంది నవ్వారు. జీపాయన ఫోన్ స్పీకరులో పెట్టి, వాళ్ళు ఇంకోసారి చెప్పమంటే మొదటి నుంచీ చెప్పాడు. ఈసారి ఇంజినీరుది ఏ వీధో కూడా చెప్పాడు. అమ్మ చేట పక్కన పెట్టి, ఆయన్ని కూర్చోమని, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను అక్కడే నిలబడ్డాను. ఆపమని అనలేదు.