చెవి మేస్త్రి నాలుగో పిస్టను

పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని కార్బురేటరు మరను వెంట్రుకవాసి తిప్పడం ముప్పయ్యేళ్లుగా ఆయన పద్ధతి. అందుకే ఊరందరికీ చెవి మేస్త్రి. ఈమధ్య ఆయన సరిచేసిన బళ్లు రెండోరోజే తిరిగొస్తున్నాయి, కొత్తవి రావడం మానేశాయి. పోతున్న పరువు నిలబెట్టుకోవాలని, గాలితోనే చల్లబడే తన పాతకారు ఇంజనుకు తుక్కులో దొరికిన టర్బో బిగించాడు. దాంతో కారును ఎత్తురోడ్డు ఎక్కించి చూపిస్తానని షెడ్లవాళ్లందరి ముందూ నోరు జారాడు. టర్బో గాలి దట్టించేటప్పుడు పెట్రోలు చాలకపోతే ఇంజను లోపల చిటపటమంటుంది. అది వినపడగానే యాక్సిలరేటరు మీంచి కాలు తీసెయ్యాలి, లేదంటే పిస్టనుకు చిల్లే. అలా మూడు పోయాయి. ఒకసారి పెట్రోలును తిట్టాడు, ఒకసారి కార్బురేటరును, ఒకసారి టర్బోను. ఆడలేక మద్దెల ఓడన్నాడట అని పక్క షెడ్డులో నవ్వుకున్నారు. ఎంతో వెతికితే దొరికిన ఆఖరి పిస్టను ఇప్పుడు లోపలుంది.

ఇవాళ పొద్దున్న, ఎప్పటిలాగే భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, ఎత్తు సగం ఎక్కాక, "చూశావా, ఎంత మెత్తగా లాగుతోందో!" అన్నాడు. ఆవిడ చెయ్యి చాచి తాళం తిప్పేసింది. కారు ఆగిపోయింది.

"పిచ్చెక్కిందా నీకు?"

"రేకు మీద వడగళ్లు పడ్డట్టు కొడుతోందండీ! వినపడట్లేదూ?"

ఆయన రోడ్డుకేసే చూస్తూ అన్నాడు. "మరి ఆ మూడుసార్లూ పక్కనే ఉన్నావుగా! నోరు తెరిచి చెప్పొచ్చుగా?"

ఆవిడ గడ్డం పట్టుకుని ఆయన మొహం తనవైపు తిప్పుకుంది.

"చెప్పానండీ. మూడుసార్లూ చెప్పాను."