పోచయ్య చాటని చాటింపు

లింగంపల్లి స్టేషన్‌లో దిగి కోకాపేట దిక్కు నడిస్తే, రాళ్లగుట్టల నడుమ ఒక చిన్న ఊరుండేది. ఆ ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేసే పని పోచయ్యది. అతని తండ్రిదీ అదే పని. అందుకు బదులుగా గుట్ట కింద కాస్త మెట్టచెలక ఇనాంగా ఇచ్చారు. చాటినన్నాళ్లు చెలక ఉంటుంది, మానేస్తే పోతుంది.

పోచయ్య తన జన్మలో గట్టిగా అన్న మాటలన్నీ సర్కారువే. నిజాం రోజుల్లో లెవీ ధాన్యం కొలవమని చాటాడు. ఆ రాజ్యం పోయాక, ఇళ్లల్లో తుపాకులుంటే తెచ్చి అప్పజెప్పమని చాటాడు. తర్వాత ఓట్లొచ్చాయి, ఓట్లెయ్యమని చాటాడు. ముందుగా గడ్డిమంట మీద డప్పు కాచేవాడు, తోలు బిగిసి ఖంగుమనేదాకా. ఆపైన బొడ్రాయి దగ్గర మొదలుపెట్టి, వాడ చివరిదాకా గొంతు చించుకునేవాడు. ఇంటికొచ్చేసరికి నోట్లో మాట మిగిలేది కాదు.

"ఊరందరికి ఇనవడే నోరు నాకు మాత్రం ఇనవడదు!" అని అతని భార్య బుచ్చమ్మ దెప్పేది. పోచయ్య నవ్వి ఊరుకునేవాడు. నవ్వడానికి పెద్దగా ఓపిక అక్కర్లేదు కదా.

అరవై తొమ్మిదిలో పట్నంలో చదువుకునే పిల్లలు మా రాష్ట్రం మాకు కావాలంటూ రోడ్డెక్కారు. రైళ్లు ఆగాయి. లింగంపల్లి పట్టాల మీద కూలి చేసే మేనల్లుడు ఎల్లేశం కూడా పని మాని వాళ్లలో కలిశాడు. అప్పుడే పోలీసు పటేలు రామచంద్రం పోచయ్యను పిలిపించి, ఐదుగురు ఒకచోట గుమిగూడొద్దని చాటించాడు. వాడలో ఏ గుడిసెలో చూసినా ఐదుగురికి తక్కువ ఉండరు. సర్కారుకు ఆ సంగతి తెలిస్తే కదా! పోచయ్య చాటాడు, వాడ నవ్వింది.

"ఇంక ఎన్నేండ్లు మొత్తుకుంటవు మామా వాళ్ల మాటలు? జర నీ మాట ఒక్కటన్న చెప్పరాదు?" అన్నాడు ఎల్లేశం కోపంగా.

"నాకేం మాటుందిరా? పోయి బువ్వ తిను," అని పోచయ్య డప్పు చూరుకు తగిలించి పడుకున్నాడు.

ఆ గొడవలు చల్లారిన చలికాలం బుచ్చమ్మకు జ్వరమొచ్చింది. పట్నం దవాఖానకు ఎక్కించేలోపే పోయింది. చెరువు కింది బొందలగడ్డలో పాతిపెట్టారు. పక్కనే తనకు చోటుంచుకుని, గుర్తుకొక రాయి దొర్లించాడు పోచయ్య. ఇక అతనికి మిగిలిన ఆశ అదొక్కటే. ఎప్పుడో ఒకనాడు ఆమె పక్కన పడుకోవాలి.

కొన్నేళ్లకు పటేలు మళ్లీ పిలిపించాడు.

"పోచిగా, చెరువు కింది జాగంత సర్కారు కార్ఖానాకు తీసుకుంటుండ్రు. బొందలగడ్డ గూడ పోతది. ఎవ్వలకన్న చెప్పుకునేదుంటే నెల లోపట తహసీలుకు పోవాల్నట. పొద్దుగాల చాటు."

పొద్దున పోచయ్య మంట వెయ్యలేదు. డప్పు దించలేదు. అతని లెక్క అతనిది: డప్పు మోగకముందు ఏ హుకుమూ ఊళ్లోకి రాలేదు, కాబట్టి డప్పు మోగకపోతే ఇదీ రాదు. వాడలో పెద్దమనుషులకు చెబితే వాళ్లూ నిజమేనన్నారు. "మంచి పని చేసినవ్ మామా," అన్నాడు ఎల్లేశం కూడా. చాటని మాట లేని మాటేనని ఎవరూ తహసీలు గడప తొక్కలేదు. వాడంతా నిమ్మళంగా ఉంది. ఆ నిమ్మళమే కొంప ముంచింది.

గడువు దాటాక, భూమి కొలిచే గొలుసులతో మనుషులను వెంటబెట్టుకుని కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరు కామేశ్వరరావు బొందలగడ్డలో దిగాడు. వాడంతా ఉరికింది.

"నెల్లాళ్లు ఎవరూ నోరు విప్పలేదండి. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? చాటింపు వేయించారు కదా?" అన్నాడు ఆయన పటేలు వైపు తిరిగి.

"ఏయించినం సారూ. మా పోచిగాడే చాటిండు. కావాల్నంటే అడుగుండ్రి."

పటేలు చూపులో బెదిరింపు కూడా లేదు. డప్పు మోగలేదని తెలిసినా, తానన్నదే అంటాడని పోచయ్య మీద ఆయనకు అంత నమ్మకం. చాటిన అంటే చెలక దక్కుతుంది, బుచ్చమ్మ పోతుంది. చాటలే అంటే తినే ముద్ద పోతుంది.

జనం సర్కార్ల మీద ఎందుకు తిరగబడతారంటే చదువుకున్నవాళ్లు ఆకలంటారు, భూమంటారు, ఎవరో రెచ్చగొట్టారంటారు. ఉంటాయి, కాదనను. కానీ పోచయ్యకు ఆ క్షణాన కోపం కూడా రాలేదు. ఒళ్లంతా అలసట కమ్మింది. ఇన్నేళ్లు వాళ్లన్నది అన్నాడు. ఇప్పుడు అననిది కూడా అన్నట్టే ఉండమంటే అతనివల్ల కాలేదు.

"నేను చాటలే సారూ."

"ఏందిరా?" అన్నాడు పటేలు.

"లెవీ చాటిన. తుపాకులు చాటిన. అవన్ని నేనే చాటిన. ఇది చాటలే. అనని మాట నా నోట్లె పెట్టకు పటేలా."

కామేశ్వరరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనా పాపం అలసిన మనిషే. "గడువైపోయింది కదయ్యా. నా చేతుల్లో ఏముంది?" అని గొలుసు పరవమన్నాడు.

పోచయ్య ఇంటికెళ్లి గడ్డి ముట్టించి డప్పు కాచాడు. ఇప్పటికైనా బుద్ధొచ్చింది, చాటబోతున్నాడనుకున్నాడు పటేలు. బొడ్రాయి దగ్గర డప్పు మోగింది.

"ఇనుండ్రయ్యా ఇనుండ్రి! ఇది సర్కారు మాట గాదు, పోచయ్య మాట! మా బొందలగడ్డ మేమియ్యం! ఎవ్వలు ఇండ్లల్ల ఉండొద్దు, అందరు రాండ్రి!"

సగంలో గొంతు పగిలింది. అయినా జనం వచ్చారు. ఆ గొంతు పిలిస్తే బయటికి రావడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎవరి వాళ్ల సమాధి దగ్గర వాళ్లు కూర్చున్నారు, పోలీసు లారీ వచ్చేదాకా.

"ఎవడెక్కించాడురా నీకిదంతా? ఏ పార్టీ?" అని స్టేషన్‌లో ఎస్సై గద్దించాడు.

"ఏ పార్టీ లేదు సారూ. అలిసిపోయిన."

ఎస్సై నమ్మలేదు. అలసిపోయినవాడు పడుకుంటాడు గాని తిరగబడతాడా అని ఆయన అనుమానం. లాఠీతో ఇంకోసారి అడిగాడు. అదే జవాబు వచ్చింది.

పోచయ్య తిరిగొచ్చేసరికి చెలక వేరేవాళ్లకు పోయింది. డప్పు స్టేషన్‌లోనే ఉండిపోయింది. కార్ఖానా గోడ లేచింది. వాడ అంత పట్టుబట్టినందుకు బొందలగడ్డలో సగం వదిలేశారు. వదిలిన సగంలో బుచ్చమ్మ లేదు.

అప్పటి నుంచి పోచయ్య రోజూ సాయంత్రం గోడకు ఆనుకుని కూర్చుని ఆమెతో మాట్లాడేవాడు. చెరువులోకి నీళ్లొచ్చాయని, ఎల్లేశానికి మళ్లీ పని దొరికిందని, మోకాళ్లు లాగుతున్నాయని. అవతలికి వినబడాలి కదా, గట్టిగానే మాట్లాడేవాడు.