కోడలు నడిపిన కారు, ఆరని ఎర్ర లైటు

మా మామకు ఆ కారు మీద ఉన్న ప్రేమ కన్నకొడుకైన తన మీద కూడా లేదని మా ఆయన నవ్వుతూ అనేవాడు. ధర్మవరంలో మాది మగ్గాల ఇల్లు. పెళ్లి చీరల మూటలు బస్సు టాపు మీద వేసి పంపితే పాడవుతున్నాయని, డెబ్బైల చివర్లో మామ ఒక పాత కారు కొన్నాడు. పాడయ్యేది వానకు కాదు, దుమ్ముకు. మా సీమలో వాన ఎక్కడ ఏడ్చింది గనక!

కొన్నాడు సరే, నడిపేదెవరు? స్టీరింగు ముట్టుకుంటే మామకు చెమటలు పట్టేవి. మా ఆయన పట్టు కొనడానికని వారంలో సగం బెంగుళూరులోనే ఉండేవాడు. ఇక మిగిలింది నేను. గుత్తిలో మా నాయన జీపు డ్రైవరు. పెళ్లికి ముందే కోట కింద మైదానంలో నాకు బండి నేర్పించాడు. ఈ మాట వినగానే మామ మొహం మాడ్చుకున్నాడు. "ఆడమనిషి తిప్పితే చక్రాలు తిరగవా ఏమి?" అని అత్త అడ్డం పడ్డాకే తాళం నా చేతికొచ్చింది.

పొద్దంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేదాన్ని. అలాంటిది, చీరల మూటలు వెనక పడేసుకుని, రాప్తాడు మీదుగా అనంతపురం దాకా మొహానికి గాలి తగులుతూ పోవడమంటే నాకు ప్రాణం. ఉన్నమాట చెబుతున్నాను, పుట్టింటికి పోవడం కూడా నాకు అంత ఇష్టం ఉండేది కాదు.

ఆ ఏడు దసరాకు ఆయుధ పూజ చేసుకున్నాం. ఆ రోజు పనిముట్లకు విశ్రాంతి, కారుకూ విశ్రాంతే. మరునాడు పొద్దున్నే చీరల మూటలు కార్లో వేసుకుని బయలుదేరాను. ఊరు దాటాక చూసుకుంటే డాష్ బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. ఇంజన్లో ఆయిలు సరిగ్గా తిరుగుతుంటే ఆరిపోవాల్సిన లైటు అది. బండి ఆపి, ఆయిలు కొలిచే కమ్మీ తీసి చూశాను. ఆయిలు నిండుగా ఉంది. చప్పుడు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. అయినా భయమేసి వెనక్కి తిప్పుకొచ్చేశాను. జరిగింది జరిగినట్టు మామకు చెప్పాను.

"అయిపోయ! తింటివి కదమ్మా ఇంజన్ని!" అని మామ నెత్తి పట్టుకున్నాడు. అంతటితో ఊరుకుంటే మామ ఎందుకవుతాడు? కండువా భుజాన వేసుకుని కాఫీ హోటలుకు పోయి చెప్పాడు, రంగులద్దే వాళ్ల అంగడికి పోయి చెప్పాడు. కోడలు ఇంజను కాల్చేసిందని మధ్యాహ్నానికల్లా మా వీధంతా గుప్పుమంది. చివరికి షెడ్డు నుంచి మెకానిక్కును వెంటబెట్టుకొచ్చాడు.

మెకానిక్కు ఎర్ర లైటు చూసి, ఇంజను చప్పుడు కాసేపు విని, "ఆయిలు పంపు పోయినట్టుండాది సార్. ఇంజను దించి ఇప్పాల. రేపు పొద్దున మనుషుల్ని తీసకొస్తా" అన్నాడు.

"ఇప్పప్పా. అట్లే ఒక మంచి డ్రైవర్ని కూడా చూడు. ఈయమ్మి ఇంగ కారు ముట్టుకునే పనే ల్యా" అన్నాడు మామ, నా ముందరే.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. తప్పు చేసి ఉంటే ఒప్పుకునేదాన్ని, చేయనిదానికి నేనెందుకు పడాలి? రేపు ఇంజను దించారంటే నిజమేదైనా సరే, నా చేతికి ఆ తాళం మళ్లీ రాదు. ఆయిలు నిండుగా ఉంది, చప్పుడు మెత్తగా ఉంది, అబద్ధం చెబుతున్నది ఆ లైటేనేమో అనిపించింది.

మామ అన్నం తిని కునుకు తీయగానే తాళం తీసుకుని బయటికొచ్చాను. అత్తను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. "తాళం ఒక్క మెట్టు తిప్పి, లైటు ఆరితే చెప్పత్తా" అన్నాను. బానెట్టు ఎత్తాను. ఇంజను పక్కన మేకులాగా పొడుచుకొచ్చిన ఒక చిన్న స్విచ్చు ఉంటుంది, ఎర్ర లైటుకు కబురు పంపేది అదే. దాని వైరు పీకాను.

"ఆరిపాయ!" అంది అత్త.

మళ్లీ తగిలించాను. "మళ్లా వచ్చెనే!"

అంటే వైరు బాగానే ఉంది, లైటు అబద్ధం చెబుతుంటే తేడా స్విచ్చు దగ్గరే. నిన్న పూజలో పెట్టి వాడిపోయిన బంతిపూలు పక్కకు తోసి వంగి చూశాను. స్విచ్చు మెడకు కుంకుమ బొట్టు, దాని కింద నాలుగు చుట్లు చుట్టి ముడేసిన జరీ! ఆ జరీ కొస పోయి వైరు గుచ్చే మొనకు తగులుతోంది.

మా ఇంట్లో ఆయుధ పూజకు నూలుదారం కట్టరు. మగ్గానికైనా, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెకైనా, తక్కెడకైనా జరీయే కడతారు, నేతగాళ్ల మర్యాద అది. కారు కూడా పనిముట్టే గదా అని మామ దానికీ కట్టాడు. కట్టడానికి మేకులాంటిది దొరికింది, పాపం, సంబరంగా చుట్టేశాడు. జరీ అంటే పట్టుపోగు మీద చుట్టిన వెండి తీగ. వెండిలో కరెంటు పారకుండా ఉంటుందా? స్విచ్చు తెంచాల్సిన కరెంటును ఈ జరీ ఇంజను ఇనుములోకి దాటించేస్తుంటే లైటు ఎట్లా ఆరుతుంది?

కత్తెర తెస్తానంటే అత్త బెదిరిపోయింది. "పూజలో కట్టింది తెంపగూడదు మే! జరుగు" అని తనే దిగొచ్చింది. చిన్నప్పటి నుంచీ తెగిన పోగులు అతికిన వేళ్లు అవి. ముడి ఎక్కడుందో చూడకుండానే, పోగు తెగకుండా విప్పేసింది. నేను పోయి ఇంజను స్టార్టు చేశాను. లైటు టక్కున ఆరిపోయింది. నేను కేకేస్తే అత్త నాకంటే గట్టిగా కేకేసింది.

ఆ అరుపులకు మామ లేచి వచ్చాడు. అత్త జరీని ఆయన మొహం ముందు వేలాడదీసి, "ఇది కట్టిన మొగోడెవురో?" అని అడిగింది.

మామ జరీని చూశాడు, ఆరిన లైటును చూశాడు. లోపలికి పోయి చొక్కా తొడుక్కొచ్చి కారెక్కి కూర్చున్నాడు.

"పోనీ."

"యాడికి మామా?"

"నేను యాడ్యాడ చెప్పొచ్చినానో ఆడికంతా."

పోయాం. కాఫీ హోటలు ముందు ఆపించి, అద్దం దించి, "ఇంజనుకు ఏమీ కాలేదప్పా. నేను కట్టిన జరీదే తప్పు, కోడలిది కాదు" అని అందరికీ వినపడేట్టు చెప్పాడు. రంగుల అంగడి ముందూ అదే మాట. సిగ్గుతో నాకే చెవులు వేడెక్కాయి గానీ, ఆయన తగ్గలేదు. చివరికి షెడ్డు. మెకానిక్కు అంతా విని నవ్వి, "మంచిదే సార్. మరి డ్రైవరు కావాలంటివే, మావాడు ఒగడుండాడు, పంపేదా?" అన్నాడు.

"ఏమప్పా, కండ్లు కనపడల్యా?" అన్నాడు మామ. "డ్రైవరు ఈడ కూర్చోనుండాది కదా."

ఏడిస్తే రోడ్డు కనపడదని బిగబట్టుకుని గేరు వేశాను.