పుస్తకంలో లేని గౌరి

శృంగవరపుకోట దగ్గరి పల్లెలో దాలమ్మకున్నది ఒక్కటే ఆవు, గౌరి. నాటు పొట్టి ఆవుల జాతిని కాపాడే సంఘం వాళ్ళు వస్తారని తెలిసి, పొద్దున్నే దాన్ని కడిగి కొమ్ములకు పసుపు రాసింది. సంఘం నుంచి వచ్చిన ఉమాశంకర్ ఎత్తు కొలిచి, మూపురం తడిమి మురిసిపోయాడు. అచ్చమైన నాటు ఆవుల రిజిస్టర్లో దాని పేరు రాయబోతుంటే దాలమ్మకు మనసొప్పలేదు.

“రాయకు బాబూ. దీని అమ్మమ్మకి సూలు కోసం జెర్సీ ఎద్దు సూది ఏయించినాం. ఎవులికీ తెల్దు.”

అతను పుస్తకం మూసి, ఆమెకు దండం పెట్టి వెళ్ళాడు. దాలమ్మ గౌరి గంగడోలు నిమిరింది. “పేరు రాయకపోతే ఏటే? నువ్వు నా బంగారానివే.”

వారం తిరక్కుండా ఉమాశంకర్ మళ్ళీ వచ్చాడు. “నీ ఆవు సంగతే దాచనిదానివి, చుట్టుపక్కల ఆవుల పుట్టుక నువ్వే సెప్పాలమ్మా,” అని ఆమెను బండెక్కించుకున్నాడు.