బావమరిది మోచేతులు

మా ఆవిడ తమ్ముణ్ణి పోర్టులో మా గ్యాంగులో చేర్చింది నేనే. తొంభైల మొదట్లో సంగతి. అప్పుడు నేను మేస్త్రీని. క్రేను కొక్కెం దిగగానే రెండు చేతులూ బారుగా పైకెత్తి అందుకోవాలి. అతని మోచేతులు సగం ముడుచుకునే ఉండేవి. మడమలు ఆనకుండా మునివేళ్ల మీద నడిచేవాడు.

"ఏటిరా, డాన్సుకొచ్చినావా, పనికొచ్చినావా?" అని గ్యాంగంతా ఏడిపించేది. ఆ మాట వాళ్లకు నేర్పింది నేనే.

కొత్త తాడు బిరుసుగా ఉంటే బరువు వేలాడదీసి సాగదీస్తాం. ఒక మధ్యాహ్నం అతణ్ణి బస్తాల మీద కూర్చోబెట్టి, అందరి ముందూ మణికట్టుకి ఇనుప దిమ్మ కట్టాను.

"రాదు బావా! నాను దొంగేసాలేత్తన్నానా?"

"తాడే సాగుతాది, నువ్వు సాగవేటి?" అన్నాను. అందరూ నవ్వారు. అతని కళ్లు చెమ్మగిల్లాయి. చెయ్యి తిన్నగా కాలేదు.

మర్నాడు పనిదొంగ అని పైవాళ్ల చెవిన వేసి పనిలోంచి తీయించాను. తనే మానేశాడని గ్యాంగు అనుకుంది. తగరపువలస సంతలో ఉల్లిపాయలు అమ్ముకున్నాడు.

రెండువేల సంవత్సరం దాటాక ఆ సంతలోనే కళ్లు తిరిగి పడిపోయాడు. గుండె మరీ నెమ్మదించిందని పేస్‌మేకర్ పెట్టారు. మోచేతులు చూసిన డాక్టరు, పుట్టుకతో వచ్చిన కండరాల జబ్బని ఇంగ్లీషులో పేరు రాసిచ్చి వెళ్లిపోయాడు. తెలుగులో చెబితే ఆయన సొమ్మేం పోయింది? నా చదువు ఐదో తరగతి. నిఘంటువు పట్టుకుని లైబ్రరీలో నెల్లాళ్లు కూర్చున్నాను.

కణం నడుమ కేంద్రకం. దాని పొరలో ఎమెరిన్ అనే ప్రొటీన్. కండను ముడిచే ఆక్టిన్ అనే మరో ప్రొటీన్ కేంద్రకంలోనూ ఉంటుందట. ఎమెరిన్ దాన్ని పట్టుకుని పొరకు దన్నుగా నిలుస్తుందట. ఈ జబ్బులో ఆ ఎమెరినే కరువు. పట్టు లేని కేంద్రకం కండ లాగుడుకి తట్టుకోలేదని శాస్త్రజ్ఞుల అంచనా. అలాంటి చేతికి నేను ఇనుము వేలాడదీశాను!

బావమరిది దగ్గరికి వెళ్లి, పని తీయించిన సంగతితో సహా అంతా చెప్పి, తప్పయిపోయిందన్నాను.

"నాకెందుకు బావా సెప్తావు? దొంగని కానని నాకు తెలీదా? ఆల్లకి సెప్పు."

రిటైరైన మా గ్యాంగు సాయంత్రాలు టీకొట్టు దగ్గర చేరుతుంది. బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి కేంద్రకం, పొర, అన్నీ గీసి చూపించాను.

"మేస్త్రీ ఎంత సదివేసినాడ్రా!" అన్నాడొకడు.

"పాపం, రోగమా! పోన్లే, ఆడే మానేసినాడు గదా, మనమేటి ఎల్లగొట్టలేదు," అన్నాడు ఇంకొకడు.

గ్లాసు ఖాళీ చేసి లేచాను.

మర్నాడు బావమరిది అడిగాడు: "ఉన్నదంతా సెప్పేసినావా బావా?"

చెప్పేశానన్నాను.