ఉమ్మెత్త ముద్దకు మార్చిన ఆకు

ముప్పై ఏళ్లుగా ఒక మనిషి పరువు నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేదు, కక్కలేదు. ఇవాళ నాకు ఏ లోటూ లేదు. వేళకు తింటున్నాను, కళ్లజోడు లేకుండా పేపరు చదువుతున్నాను. అందుకే ఇప్పుడే చెప్పాలి. కష్టంలో చెబితే జాలి కోసం చెప్పినట్టుంటుంది.

మాది రాజాం దగ్గర పల్లె. బడిలో నేను చదివింది మూడో తరగతి. మిగతాదంతా పొట్లం కాగితాల మీద, లైబ్రరీ బల్లల మీద నేర్చుకున్నాను. కల్తీ విత్తనాల మీద, మందుల షాపుల మోసాల మీద ఎన్ని అర్జీలు రాశానో! తప్పు చేసి ఒప్పుకోనివాణ్ణి చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మరి నేనో?

మా ఊళ్లో పైడమ్మ ఆకుమందు ఇచ్చేది. ఎండిన ఉమ్మెత్తాకు పొగ ఉబ్బసానికి. పచ్చాకు పసుపుతో నూరి, వెచ్చచేసి, కీళ్లనొప్పులకు పట్టు. గింజ మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. ఆమెకు చదువు రాదు, వచ్చేవాళ్లకూ రాదు. కనుక ఆకే చీటీ. ఆముదపాకులో కట్టి ఇస్తే పైపూతకు. విస్తరికుట్టే అడ్డాకులో కట్టి ఇస్తే కడుపులోకి. ఊరూవాడా తెలుసు. నాకూ తెలుసు. చాదస్తమని నవ్వేవాణ్ణి.

మా అక్క మొగుడికి మోకాళ్లు పట్టేశాయి. వాళ్లుండేది బొబ్బిలి పక్కన. పైడమ్మ కట్టి ఇచ్చిన ఉమ్మెత్త ముద్ద తీసుకుని సైకిలెక్కాను. దారిలో ఆముదపాకు చిరిగి, పసరు సంచిలోని పుస్తకం మీదికి కారింది. పుస్తకం పాడవుతుందని నా బాధ! టిఫిన్ కొట్లో ఒక అడ్డాకు అడిగి, ముద్దను అందులోకి మార్చాను. "మోకాళ్ల మందు" అని అక్క చేతిలో పెట్టి వచ్చేశాను. అక్క ఆకు చూసింది. మర్నాడు పరగడుపునే బావ చేత మింగించింది.

బావ కళ్లు పెద్దవయ్యాయి. నోరెండిపోయింది. గాలిలో లేని దారాలు ఏరాడు, అక్కను ఎవరని అడిగాడు. ఆసుపత్రిలో రెండు రోజులకు మనిషయ్యాడు.

ఊరు ఊరంతా పైడమ్మ గుమ్మం మీద పడింది. ఆమె నావైపే చూసింది.

"నేను ఆవుదపాకులోనే కట్టాను బాబూ. పట్టుకెళ్లినోడివి నువ్వే కదా, సెప్పు."

"నాకేటి తెలుసు? నువ్విచ్చిందే ఇచ్చాను."

"ఇంత సదివినోడివి, ఏ ఆకో సూడలేదేటి?"

ఆకు మార్చిన సంగతి దాచేశాను. అక్కకు భయపడ్డానా? కాదు. చదువురానివాళ్లకు తెలిసింది ఇతగాడికి తెలియలేదని నవ్వుతారని భయపడ్డాను. అంతే. ఆపైన నాటువైద్యుల మీద ఒక అర్జీ కూడా రాశాను. ఎంత కోపంగా రాశానో తలుచుకుంటే సిగ్గేస్తుంది. పైడమ్మ గుమ్మానికి మళ్లీ ఎవరూ రాలేదు. కలుపు కూలికి పోయి బతికింది, అలాగే పోయింది.

బావ ఇప్పటికీ ప్రతి పెళ్లిలో చెబుతాడు: "పైడమ్మ నాకు స్వర్గం సూపించి, ఖాళీ లేదని ఎనక్కి పంపీసింది రా!" అందరూ నవ్వుతారు. ప్రతిసారీ నేనూ నవ్వాను.

క్షమించమని అడగడానికి ఆమె లేదు. ఉన్నా క్షమించి ఉండేదని నేననుకోను, క్షమించాల్సిన పనీ లేదు. ఈ కాగితం ముందుగా బావ చేతికే ఇస్తాను. ఆ కథ ఆయన మానక్కర్లేదు, బాగా చెబుతాడు. పైడమ్మ పేరు తీసేసి నా పేరు పెట్టుకోమంటాను. వచ్చే పెళ్లిలో ముందు వరసలో కూర్చుంటాను. నవ్వేవాళ్లు నన్ను చూసి నవ్వాలి.