చేపల తొట్టికి దేవుడి పీఠం

మా హాలు చెరువైన కథ చెబుతాను. మీరు ఎంతైనా నవ్వుకోండి, కానీ మా ఇంటికొస్తే మా ఆవిడ ముందు మాత్రం ఈ ఊసెత్తకండి.

నంద్యాలలో మా వీధిలో ఒకరోజు గిన్నెలు గలగలలాడాయి. భూకంపమని కొందరు, క్వారీలో పేల్చారని కొందరు. అప్పటికే మా పాప చిన్నికి చేపల తొట్టి కొనిస్తానని మాటిచ్చి ఉన్నాను.

"నాయనా, ఇల్లు ఊగితే నా చేపలు సచ్చిపోతాయా?" అని అది కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అంతే, నాలో లేని ఇంజనీరు లేచి కూర్చున్నాడు. ఊగకూడదంటే బరువుండాలి. బరువంటే రాయి. రాయంటే ఆళ్లగడ్డ! బస్సెక్కిపోయి, విగ్రహాలు చెక్కేచోట తామరరేకుల పీఠమొకటి బేరమాడాను.

"ఏ దేవునికప్పా?" అన్నాడు శిల్పి.

"చేపలకు, అన్నా."

పాపం, ఉలి పక్కన పెట్టి నన్ను తేరిపార చూశాడు. పీఠం మధ్యలో విగ్రహాన్ని దించే గుంత ఉంది. ఉంటే ఉండనీ అనుకున్నాను.

నలుగురు మోసుకొచ్చి హాల్లో దించారు. మా ఆవిడ సుజాత నడుం మీద చెయ్యేసుకుంది.

"ఏందీ, ఇంట్లో గుడి కడతాండావా?"

"భూకంపం వచ్చినా తొట్టి కదలదు, చూడు."

"తొట్టి అమ్మిన అంగడాయప్ప దాని కింద ఈ థర్మాకోల్ అట్ట పరచమన్యాడు గదా?"

"మెత్తటిదాని మీద పెడితే ఊగదా? ఆడ పారెయ్!"

తొట్టిని పీఠమెక్కించి నీళ్ళు నింపాం. చిన్ని రెండు ఎర్రచేపల్ని వదిలింది. "ఇంక భూమి దద్దరిల్లినా..." అన్నానో లేదో, టప్పుమంది. గుంత మీదున్న అడుగు అద్దం పగిలి, ముందు అద్దం ఊడొచ్చింది. నీళ్ళు సోఫా కిందికి, చేపలు చెప్పుల దగ్గరికి.

"నాయనా, నా చేపలు!"

సుజాత జల్లెడతో రెండింటినీ ఎత్తి నీళ్ళ టబ్బులో వేసింది. అవి తోకలు ఆడించేదాకా ముగ్గురం టబ్బు మీదికి వంగే ఉన్నాం. చిన్ని ఏడుపు చూసి నాకూ ఏడుపొచ్చింది, నిజం.

వారం తిరక్కముందే మళ్ళీ గిన్నెలు గలగల. ఒక్క గెంతులో వీధిలో ఉన్నాను, భుజాన తువ్వాలు, నోట్లో బ్రష్షు. గడపలోంచి చిన్ని తొంగిచూసింది.

"నాయనా, చేపలు బాగుండాయి. నేనూ అమ్మా బాగుండాం. లోపలికి రా."

వెనక నుంచి సుజాత అంది. "మీ నాయన్ని ఆ పీఠం మీద కూర్చోబెట్టు పాపా, కదలకుండా ఉంటాడు."

నోట్లో నురగ సాక్షిగా నడివీధిలో ఒట్టేశాను. ఇకమీదట చిన్నినీ ఆ టబ్బునూ ఎత్తుకోకుండా గడప దాటను. సుజాతంటారా? ఆమె మా అందరినీ ఎత్తుకొస్తుంది.